అత్తరు సాయిబు గారి ఎరువు కుప్ప

గ్రాంటు దరఖాస్తులో పదకొండో ప్రశ్న దగ్గర ఆగిపోయాను.

‘యూనిట్ పెట్టు స్థలము నుండి దుర్వాసన వచ్చు అవకాశము కలదా? కలదేని ఏ దిక్కునకు?’

దుర్వాసనకి దిక్కు ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు. ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతాను, గాలి గురించి ఏటా ఒక పాఠం చెబుతాను, అయినా తట్టలేదు. దరఖాస్తు పట్టుకుని డాబా ఎక్కి చున్నీ కొస పైకెత్తి చూశాను. రంజాన్ పండగ వెళ్లి వారమైంది. ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. సాయంత్రం కావడంతో దక్షిణం నుంచి పైరగాలి మొదలైంది. చున్నీ కొస మా ఖాళీ స్థలం మీదుగా ఉత్తరానికి, సరిగ్గా జగన్నాథరావు గారి పెరటి కిటికీల వైపు ఎగిరింది.

కిందికి దిగి ‘కలదు. ఉత్తరమునకు’ అని రాశాను.

"నీకేమన్నా పిచ్చా ఆఫ్రీనమ్మా?" అంది రిబ్కక్క. "లేదని రాస్తే పోయేదానికి!"

"వచ్చే అవకాశం ఉందా అని కదక్కా అడిగారు."

"నేనేసే కుప్ప కంపు కొట్టిద్దా? రాసుకో, రాసుకో. వచ్చినప్పుడు చూద్దాం."

రిబ్కక్క మా పొదుపు సంఘానికి లీడరు. రేపల్లె పక్క లంక ఊళ్లో పొలం పనుల్లో పెరిగి, పెళ్లయ్యాక తెనాలి వచ్చి, పాతికేళ్లుగా మార్కెట్లో కూరగాయలమ్ముతోంది. రోజూ మధ్యాహ్నం తన కొట్టు ముందు పోగయిన కాలీఫ్లవర్ ఆకులూ, చితికిన టమాటాలూ, నిమ్మకాయల యార్డులో ఏరి పారేసిన కాయలూ ట్రాక్టరెక్కి ఊరి బయటికి పోతుంటే చూడలేకపోయేది. "అన్నం పారబోసినట్టుంటది" అనేది. తడి చెత్తతో ఎరువు చేసే మహిళా సంఘాలకి షెడ్డూ, చెత్త ముక్కలు చేసే మిషనూ ప్రభుత్వ గ్రాంటు కింద ఇస్తారని తెలియగానే, ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది తనే. సంఘంలో పదిమందిమి. మాలో నలుగురికి వరి, మినుము పనులయ్యాక మళ్లీ నాట్లు పడేదాకా చేతిలో పని ఉండదు. గ్రాంటు వస్తే ఏడాది పొడుగునా పని.

అది రావాలంటే ముందు రెండు నెలలు మేమే సొంతంగా కుప్ప వేసి చూపించాలి. కుప్పలో వేడి ఎంతుందో రోజూ రాయాలి. ఎరువు నమూనా బాపట్లలో పరీక్ష చేయించాలి. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు అభ్యంతరం లేదని సంతకాలు పెట్టాలి. అన్నిటికన్నా ముందు స్థలం కావాలి. ఆ స్థలం మా అబ్బాది.

మా అబ్బా హిదాయతుల్లాకి బోసురోడ్డు వెనక సందులో అత్తరు కొట్టుంది. ఊళ్లో అందరూ అత్తరు సాయిబు గారంటారు. ఆయన ముక్కు గురించి కథలు చెప్పుకునేవాళ్లు. కళ్లకి గంతలు కట్టినా మల్లెపూలు ఏ పూట కోసినవో చెబుతాడని, పెళ్లివారు తెచ్చిన గంధం అసలుదో నకిలీదో పొట్లం విప్పకముందే చెబుతాడని. అవి కథలేననుకున్నా, వీధి చివర మురుగు కాలువ బండ తీస్తే ఇంట్లో కూర్చుని పసిగట్టడం నేను కళ్లారా చూసిందే. చేపలు కడిగిన నీళ్లు పెరట్లో గంటసేపు ఉంటే ఇల్లు పీకి పందిరేసేవాడు. అలాంటి మనిషిని వెళ్లి చెత్తకుప్పకి చోటడగాలి.

"ఆ ఖాళీ స్థలంలో కూరగాయల చెత్తతో ఎరువు చేద్దామనుకుంటున్నామబ్బా. రిబ్కక్కా, నేనూ, సంఘం వాళ్లూ" అన్నాను. గొడవకి సిద్ధమయ్యే వెళ్లాను.

"ఎన్నాళ్లకి ఎరువవుద్ది?" అన్నాడు.

"రెండు నెలలు."

"అంత తొందరగానా!" అని, "ఎట్లా అవుద్ది?" అని అడిగాడు.

అంతే. గొడవ లేదు, షరతు లేదు. వంటింట్లోంచి అమ్మీ తొంగిచూసి, ఆయన మొహం వంక ఒక్క క్షణం చూసి, లోపలికి వెళ్లిపోయింది. చోటు దొరికిందన్న సంతోషంకన్నా, ఈయన ఎందుకు ఒప్పుకున్నాడన్న ఆలోచనే నన్ను ఎక్కువసేపు వదల్లేదు.

*

సంతకాల్లో కష్టమైంది జగన్నాథరావు గారిది. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. సర్వీసులో సగం తెనాలి, రేపల్లె మధ్య పాసింజరు బండి మీదే గడిచింది. ఆయన భార్య పార్వతమ్మ గారికి ఉబ్బసం. కాగితం తీసుకుని నేను కొట్టుకి వెళ్లేసరికి ఆయన అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నారు. నెలకోసారి పూజకి జవ్వాది కొనడానికి వస్తారు, వచ్చి గంట కూర్చుంటారు.

అబ్బా ఒక పెళ్లివాళ్లకి అత్తరు చూపిస్తున్నాడు. మూత తీసి, గాజుపుల్లతో వాళ్ల ముంజేతి మీద రాసి, "ఎట్లా ఉందో మీరే చెప్పండి" అంటున్నాడు. ఒకప్పుడు అట్లా అడిగేవాడు కాదు. "ఇది మీకు నప్పదు, ఇది తీసుకోండి" అనేవాడు. వయసుతోపాటు ఓపిక వచ్చిందనుకున్నాను.

వాళ్లు వెళ్లాక రావు గారు కాగితం రెండుసార్లు చదివారు.

"మా ఆవిడ సంగతి నీకు తెలుసుగా హిదాయత్. అగరొత్తి పొగకే దగ్గుద్ది."

"తెలుసు రావుగారూ."

"నాకు ఈ కుప్పల సంగతి తెలీదు. నీ ముక్కు సంగతి తెలుసు. నీ ముక్కు మీద నమ్మకంతో సంతకం పెడుతున్నా. ఏ కాస్త వాసనొచ్చినా ముందు తెలిసేది నీకే. తెలిసిన రోజున నువ్వే నాకు చెప్పాలి."

అబ్బా గాజుపుల్లని దూదితో తుడుస్తూ, తలెత్తకుండా, "అట్లాగే" అన్నాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న ఆ పుల్లని చాలాసేపు తుడిచాడు.

*

కుప్ప వేయడం రిబ్కక్క దగ్గరే నేర్చుకున్నాను. అడుగున కొల్లిపర నుంచి తెచ్చిన అరటి బోదెల ముక్కలు పరిచింది. దాని మీద ఎండుగడ్డి, దాని మీద మార్కెట్టు చెత్త, మళ్లీ ఎండుగడ్డి. మధ్యమధ్య పేడనీళ్లు చల్లింది. "పచ్చి చెత్త ఒక బుట్టేస్తే ఎండుది రెండు బుట్టలెయ్యాలి. కక్కుర్తిపడి పచ్చిది ఎక్కువేశామో, పాడయిద్ది" అని అందరినీ ఒప్పించింది. నిమ్మకాయల విషయంలో నాకు అనుమానం ఉండేది. అంత పులుపులో ఏ జీవి బతుకుతుంది? "కొంచెం కొంచెం కలుపుదాం. వాటికీ అలవాటవ్వాలిగా" అంది.

కుళ్లిన కాయల గోతాలు విప్పినప్పుడు అందరం కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాం. అబ్బా ఒక్కడే దగ్గరికి వచ్చి వంగి చూశాడు. "సాయిబు గారు గట్టోరే!" అని ఆడవాళ్లు నవ్వారు.

నాలుగో రోజు పొద్దున రిబ్కక్క కుప్ప నడిబొడ్డున గునపం దించి, కాసేపుంచి, పైకి లాగి అబ్బా చేతికిచ్చింది. ఆయన ఉలిక్కిపడి వదిలేశాడు. మళ్లీ వంగి, ఈసారి మెల్లగా, పట్టుకుని చూశాడు.

"లోపల నిప్పెవరు పెట్టారు?"

"ఎవరూ పెట్టలేదబ్బా. కంటికి కనపడని జీవులు కోట్లల్లో ఉంటాయి. అవి చెత్త తింటుంటే పుట్టే వేడి అది."

"తింటే వేడి పుడుద్దా?"

"మరి మన ఒళ్లు వెచ్చగా ఎందుకుంది?"

ఆయన తన మెడ మీద అరచెయ్యి పెట్టుకుని చూసుకున్నాడు. రెండో చెయ్యి ఇంకా గునపం మీదే ఉంది. అరవై రెండేళ్ల మనిషి మొహంలో, మా బడిలో భూతద్దం మొదటిసారి పట్టుకున్న పిల్లల మొహం కనిపించింది.

ఆ రోజు నుంచి వేడి రాసే పని ఆయనదే. పొడుగాటి థర్మామీటరు తెప్పించాం. నలభై ఆరు, యాభై మూడు, అరవై ఒకటి. ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కుప్ప పక్కనే కూర్చునేవాడు. తిరగేశాక వేడి ఎందుకు పడిపోతుంది, మళ్లీ ఎందుకు లేస్తుంది, రాత్రి వాటికి నిద్ర ఉంటుందా, నీళ్లెక్కువైతే మునిగిపోతాయా? ఆయన ప్రశ్నలకి జవాబు చెప్పడానికి నేను పుస్తకాలు తిరగేయాల్సి వచ్చేది. కొట్టు తెరవడం పదిన్నరయ్యేది, పదకొండయ్యేది. అమ్మీ టీ కుప్ప దగ్గరికే పంపేది. గ్లాసు ఖాళీగా తిరిగొస్తే తనలో తను నవ్వుకునేది. ఆయన ఇంట్లో అంతగా మాట్లాడి ఎన్నాళ్లయిందో అప్పుడుగానీ నాకు లెక్కకి రాలేదు.

*

మే మూడో వారంలో నమూనా తీసుకుని బాపట్ల వెళ్లాను. దరఖాస్తు పెట్టిన సంఘాలకి అక్కడే రెండు రోజుల శిక్షణ. పాఠం చెప్పిన మేడమ్ నాలుగు డబ్బాల్లో నాలుగు రకాల ఎరువు తెచ్చి మా అందరి చేతా వాసన చూపించారు. "థర్మామీటరు కన్నా ముందు మీ ముక్కే చెబుతుంది" అన్నారామె. "ముక్కు పుటాలు మండితే పచ్చిది ఎక్కువైనట్టు. కుళ్లిన కోడిగుడ్డు వాసనొస్తే లోపల గాలాడనట్టు." నాకు ఎంత నచ్చిందంటే, నాలుగు డబ్బాలూ మూడుసార్లు చూశాను. మొదటి రోజే వాన పట్టుకుంది. రోళ్లు పగిలే ఎండల మధ్య, రాకూడని వాన. రైల్లో కూర్చుని, ఇంటికి వెళ్లగానే అబ్బాకి ఇదంతా చెప్పాలనుకున్నాను. వాసన పట్టే పరీక్షంటే ఆయనకన్నా ఎవరికి సరదా?

మా వీధి మలుపులోనే తెలిసింది. కుళ్లిన కోడిగుడ్డు.

పరిగెత్తుకుంటూ వెళ్లాను. టార్పాలిన్ గాలికి లేచిపోయి కుప్ప తడిసి ముద్దయింది. ముందురోజు వచ్చిన నిమ్మకాయల లోడు ఎండుగడ్డి కలపకుండా అలాగే పడి ఉంది. రిబ్కక్క బంధువుల ఇంటికి రేపల్లె వెళ్లిందట. కుప్పకి నాలుగడుగుల దూరంలో కుర్చీ వేసుకుని అబ్బా మరమరాలు తింటున్నాడు.

"వచ్చావా! ఇది చూడు. రెండు రోజుల్లో ముప్పై ఎనిమిదికి పడిపోయింది. ఎందుకంటావ్?" అని పుస్తకం చూపించాడు.

"ఏంటబ్బా ఈ కంపు?"

ఆయన ముందు నా మొహం చూశాడు. తర్వాత ముక్కుకి అడ్డం పెట్టుకున్న నా చున్నీ చూశాడు. ఆ తర్వాత కుప్ప వైపు చూశాడు.

"కొంచెం ఉంది" అన్నాడు.

మరమరాల పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గొడవ పెట్టకుండా స్థలం ఎందుకిచ్చాడో, కొట్లో వచ్చినవాళ్లని ఎందుకు అడుగుతున్నాడో, ఒక్కొక్కటే వచ్చి నా ముందు నిలబడ్డాయి. పార తీసుకుని కుప్ప తిరగేయడం మొదలుపెట్టాను.

మర్నాడు రిబ్కక్క పరుగున వచ్చింది. ఎండుగడ్డి, కొబ్బరి పీచు, చితుకులు, ఏది దొరికితే అది కలిపాం. మూడో రోజుకి కంపు పోయింది, వేడి మళ్లీ యాభై దాటింది. కానీ ఈలోగా పార్వతమ్మ గారికి ఆయాసం ఎక్కువై, రేపల్లెలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. జగన్నాథరావు గారు పథకం ఆఫీసుకి అభ్యంతరం రాసి పంపారు.

*

విచారణకి శాలేమురాజు గారనే ఆఫీసరు వచ్చారు. జూన్ మొదటి వారం, పొద్దున తొమ్మిదింటికి కుప్ప దగ్గరే కుర్చీలు వేశాం. సంఘం వాళ్లు పదిమందిమీ ఉన్నాం. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వచ్చారు. అబ్బా కొట్టు పక్క బట్టల షాపు ఆయన కూడా స్నేహం కొద్దీ మాట సాయానికి వచ్చాడు. అమ్మీ గేటు దగ్గర నిలబడింది.

రావు గారు లేచి నిలబడే మాట్లాడారు.

"రెండు రోజులు కంపు కొట్టింది సార్. మా ఆవిడ ఊపిరాడక ఊరెళ్లిపోయింది. సరే, కుప్పన్నాక ఒకరోజు అటూ ఇటూ అవుద్ది, అర్థం చేసుకుంటా. నా బాధ అది కాదు. నేనొచ్చి హిదాయత్‌ని అడిగా. ఇదిగో, ఈ గోడ దగ్గర నుంచుని అడిగా. ‘ఏ వాసనా లేదు రావుగారూ, మీ భ్రమ’ అన్నాడు. ముప్పై ఏళ్ల స్నేహం సార్. గ్రాంటు కోసం నా మొహం మీద అబద్ధమాడాడు."

శాలేమురాజు గారు అబ్బా వైపు తిరిగారు.

"ఏమండీ సాయిబు గారూ, ఆ రెండు రోజులూ వాసన వచ్చిందా, లేదా?"

నేను అబ్బా పక్కనే ఉన్నాను. "జలుబు చేసిందని చెప్పబ్బా" అని మెల్లగా అన్నాను. ఆ మాట నేను ముందురోజే ఆలోచించి పెట్టుకున్నాను. జలుబు ఎవరికైనా చేస్తుంది. దాంతో రావు గారి కోపమూ తగ్గుతుంది, కొట్టూ నిలబడుతుంది.

అబ్బా నా వైపు చూడలేదు.

"వచ్చే ఉంటుందండి" అన్నాడు.

"అంటే?"

"నాకు తెలియలేదు. కరోనా వచ్చి తగ్గిన దగ్గర్నుంచి నాకు ఏ వాసనా తెలీదు. నాలుగేళ్లయింది. రావుగారు అడిగినప్పుడు లేదన్నాను. తెలీదు అనాల్సింది."

బట్టల షాపు ఆయన నేల చూపులు చూశాడు. రిబ్కక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శాలేమురాజు గారు పెన్ను కాగితం మీద పెట్టి, తీసి, "దీన్ని ఎట్లా రాయమంటారండీ?" అన్నారు.

"చెప్పింది చెప్పినట్టే రాయండి."

రావు గారు ఇంకా నిలబడే ఉన్నారు. "మరి మొన్న ఉగాదికి నేను పట్టుకెళ్లిన జవ్వాది?" అన్నారు, ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నట్టు.

"బాగా లేదా?"

"బాగానే ఉంది" అన్నారాయన చిన్నగా. ఇంటికి వెళ్లిపోయారు. అభ్యంతరం వెనక్కి తీసుకుంటాననీ అనలేదు, తీసుకోననీ అనలేదు.

శాలేమురాజు గారు కుప్పలోంచి గుప్పెడు తీసి, పిడికిట్లో నొక్కి, వాసన చూసి, చాలాసేపు రాసుకున్నారు. నిర్ణయం పై ఆఫీసుదని చెప్పి వెళ్లారు. సంఘంలో పొలం పనుల్లేని ఆ నలుగురూ నా వంక చూశారు.

*

"కొట్టు మూసేస్తా" అన్నాడు అబ్బా, భోజనాల దగ్గర.

అమ్మీ మునగాకు దూస్తోంది. "ఎందుకండీ?" అంది.

"ఎందుకా? సాయంత్రానికి ఊరందరికీ తెలుసుద్ది. వాసన తెలీనోడి దగ్గర అత్తరెవరు కొంటారు?"

"నాలుగేళ్ల నుంచీ కొంటూనే ఉన్నారుగా."

"వాళ్లకి తెలీక కొన్నారు."

"వాళ్లకి తెలీదు. సరుకు బాగుంది కాబట్టి కొన్నారు." అమ్మీ ఈనె పక్కన పెట్టి ఇంకో రెమ్మ తీసుకుంది. "ప్రతి శుక్రవారం సీసాలు ఇంటికి తెస్తారు. కళ్లు ఆనడం లేదు, చిన్న బుడ్లలోకి వంచిపెట్టమంటారు. మొదటి వారమే వట్టివేరు సీసాకి మొగలి చీటీ అంటించి ఉంది. మార్చాను. రెండో వారం మూడు తేడా వచ్చాయి. అప్పట్నుంచి ఒక్కోటీ చూసే పంపుతున్నా. రెండుసార్లు సరుకే బాలేకపోతే పారబోసి, జారి పగిలిందని చెప్పా."

అబ్బా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "నీకు తెలుసా?"

"పాలు మాడి ఇల్లంతా పొగయితే మీరు పేపరు చదువుకుంటున్నారు. తెలీకుండా ఎట్లా ఉంటది?"

"నాతో ఒక్క మాట అనలేదే."

"మీరు చెబుతారేమోనని చూశా" అంది అమ్మీ. కోపంగా అనలేదు. వాన వస్తుందేమోనని చూశా అన్నట్టు అంది.

అబ్బా ముద్ద కంచంలో పెట్టి అడిగాడు. "ఆ రెండు రోజులు... కుప్ప వాసన నీకూ వచ్చిందా?"

"మూడిళ్ల అవతలికి కూడా వచ్చింది."

"మరి?"

"మీరక్కడ అంత సంతోషంగా కూర్చుని ఉన్నారు." అమ్మీ మునగాకు గిన్నె పక్కకి జరిపింది. "పార్వతమ్మ గారి సంగతి నాకు తట్టలేదు. అది నా తప్పు. రేపెళ్లి రావుగారితో చెప్పుకుంటా."

చెప్పినట్టే వెళ్లింది. గోడ అవతల వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. వచ్చాక అడిగితే, "కాఫీ ఇచ్చారు" అంది.

*

అబ్బా కొట్టు మూయలేదు. కానీ దానికి రూపం మారింది. పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లలో పండగ నెలలో తప్ప కొట్టు గుమ్మం తొక్కని మా అమ్మీ, జూన్ పదిహేను నుంచి రోజూ వెళ్లి గల్లా వెనక కూర్చోవడం మొదలుపెట్టింది. మొదటి వారం ఈగలు తోలుకున్నారు. ఒక పెళ్లివాళ్లు చెప్పిన సరుకు వద్దని కబురు పెట్టి వేరే చోటుకి వెళ్లారు. కొంతమంది కొనడానికి కాకుండా చూడటానికి వచ్చారు. అమ్మీ వాళ్లనీ కూర్చోబెట్టింది. వాళ్ల ముంజేతులకి ఒక్కొక్కటే రాసి, "ఇది మీకు నప్పదండి. ఇదిగో, ఇది చూడండి" అంది. అబ్బా పక్కన స్టూలు మీద కూర్చుని ఆశ్చర్యపోయాడు. "నువ్వు చెప్పేది నిజమేనా, ఊరికే అంటున్నావా?" అని తర్వాత అడిగాడట. "మీరు ఇన్నేళ్లుగా ఇంటికొచ్చి చెబుతుంటే విన్నాగా" అందట ఆవిడ.

తొమ్మిదో రోజో పదో రోజో జగన్నాథరావు గారు వచ్చారు. అబ్బా వైపు చూడకుండా, అమ్మీ దగ్గర జవ్వాది తీసుకున్నారు. పొట్లం జేబులో పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

"నాలుగేళ్లు!" అన్నారు అబ్బాతో. "నాక్కూడా చెప్పలేదు. అన్నం రుచైనా తెలుస్తుందా నీకు?"

"ఉప్పూ, కారం తెలుస్తాయి. పులుపు తెలుసుద్ది."

"అదన్నా ఉంది" అన్నారు రావు గారు. గంట కూర్చునే వెళ్లారు.

గ్రాంటు జులైలో వచ్చింది. మేం అడిగినట్టు రాలేదు. మా స్థలం పనికిరాదని, నిమ్మకాయల యార్డు వెనక, దగ్గర్లో ఇళ్లు లేని మున్సిపల్ స్థలంలో షెడ్డు వేసుకోమన్నారు. మిషను రెండో విడతలో ఇస్తామన్నారు. అప్పటిదాకా కత్తులతోనే ముక్కలు కొట్టాలి. వానాకాలానికి సరిపడా ఎండుగడ్డి ముందే నిలవ పెట్టాలన్నది మరో షరతు. రిబ్కక్క ఆ ఉత్తరం నా చేత రెండుసార్లు చదివించుకుని, "షెడ్డంటే రేకులదేగా? చాలు. మిగతాది మన చేతులున్నాయి" అంది. ఆ నలుగురికీ మర్నాటి నుంచే పని మొదలైంది. మా ఇంటి పక్క కుప్ప ఎత్తేసిన వారానికి పార్వతమ్మ గారు రేపల్లె నుంచి తిరిగొచ్చారు.

అబ్బా పొద్దున పూట షెడ్డు దగ్గర ఉంటాడు, మధ్యాహ్నం కొట్టుకి వెళతాడు. వేడి పుస్తకం ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది. అందులో ఆయన కొత్తగా ఇంకో గడి గీశాడు. పైన ‘వాసన’ అని రాశాడు. అది నింపడం నా పని.

షెడ్డులో మొదటి కుప్ప తయారయ్యాక, ఒక ఆదివారం దాని ముందు నన్ను నిలబెట్టాడు.

"ఎట్లా ఉందో చెప్పు."

"మంచి వాసనబ్బా. మట్టి వాసన."

"అది వాసన చెప్పడం కాదు, బద్ధకం. ఏ మట్టి? తెనాలి మట్టా, బాపట్ల ఇసకా? తడిదా, ఎండిందా?"

వంగి మళ్లీ చూశాను. "ఎండిందే. కుండ లోపలి వాసన. కొత్త కుండ కాదు, వాడి వాడి ఎండలో బోర్లించిన పాతది."

ఆయన రాసుకున్నాడు. "ఇంకా?"

"అడుగున నిమ్మతొక్క ఉంది. పచ్చిది కాదు. ఊరగాయ జాడీ కడిగేశాక మిగిలేంత."

"ఇంకా?"

"ఇంకా ఏదో ఉందబ్బా. కొంచెం తియ్యగా ఉంది. పేరు తెలియడం లేదు."

ఆయన పెన్ను ఆగింది. కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"ఆ తెలియనిదే కావాలి నాకు. తొందరేం లేదు, నిమ్మళంగా చూసి చెప్పు" అన్నాడు.

నేను మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, కుప్ప మీదికి మళ్లీ వంగాను.